శుక్రవారం సాయంత్రం విమానంలోంచి చూసి, శనివారం పొద్దున జింకను వేటాడొచ్చా?

మీరు అడిగింది ఇదీ. డాలస్‌లో ఉంటున్నారు, ఈ వసంతంలోనే ప్రైవేట్ పైలట్ లైసెన్స్ వచ్చింది. ముగ్గురు స్నేహితులతో కలిసి టెక్సస్ నడిమధ్య గుట్టల ప్రాంతం హిల్ కంట్రీలో డీర్ లీజ్ (ఒకరి భూమిలో జింకల్ని వేటాడే హక్కును అద్దెకు) తీసుకున్నారు. నవంబరు మొదటి శనివారం సీజన్ మొదలవుతుంది. ముందు రోజు సాయంత్రం అద్దెకు తీసుకున్న చిన్న విమానం సెస్నా 172లో లీజ్ మీద రెండు చుట్లు తిరిగి, పెద్ద కొమ్ముల మగజింకలు ఎక్కడ మేస్తున్నాయో చూసుకుని, ఆ సంగతి కింద ఉన్నవాళ్లకు ఫోన్‌లో చెబుదామని మీ ఆలోచన. పైనుంచి తుపాకీ పేల్చడం లేదు కాబట్టి తప్పేమీ లేదని ఒక స్నేహితుడు అన్నాడు, జైల్లో పెడతారని ఇంకొకడు అన్నాడు. వచ్చే ఏడాది కొలరాడోలో ఎల్క్ (పెద్ద జింక జాతి) వేటకు కూడా ఇలాగే చేయొచ్చా అని అడిగారు.

చేయకండి. టెక్సస్‌లోనూ వద్దు, కొలరాడోలో అసలే వద్దు. నేను విమానం నడపబట్టి పద్నాలుగేళ్లు, వేట మొదలుపెట్టి పదకొండేళ్లు. ఈ రెండూ కలిసే చోట నేనూ ఒక తప్పు చేశాను, దాని గురించి కింద రాశాను. ముందు చట్టం సంగతి చూద్దాం. మీ స్నేహితులిద్దరూ చెప్పింది సగం సగమే నిజం.

దేశమంతటికీ వర్తించే ఫెడరల్ చట్టం ఒకటుంది, ఎయిర్‌బోర్న్ హంటింగ్ యాక్ట్. 1969లో అలాస్కాలో చిన్న విమానాల నుంచి తోడేళ్లను కాల్చడాన్ని ఒక టీవీ కార్యక్రమం చూపించింది. అది చూసి జనం కాంగ్రెస్‌కు కుప్పలుగా ఉత్తరాలు రాశారు. ఆ తర్వాత వయోమింగ్‌లో హెలికాప్టర్ నుంచి గోల్డెన్ ఈగిల్స్‌ని వందల కొద్దీ కాల్చిన సంగతి సెనేట్ విచారణలో బయటపడింది. 1971 నవంబరు 18న చట్టం వచ్చింది. విమానంలోంచి జంతువును గానీ పక్షిని గానీ చేపను గానీ కాల్చకూడదు, కాల్చబోకూడదు, విమానంతో వాటిని వేధించకూడదు, తెలిసి తెలిసి అలాంటి పనిలో పాలు పంచుకోకూడదు. శిక్ష 5,000 డాలర్ల వరకు జరిమానా, ఏడాది వరకు జైలు, లేదా రెండూ. విమానాన్ని, తుపాకుల్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకోవచ్చు. మీరు నడిపేది అద్దె విమానమని గుర్తుంచుకోండి.

ఇందులో అందరూ కళ్లు మూసుకుని దాటేసే మాట ‘వేధించడం’. నిబంధనల్లో దానికి అర్థం చాలా విశాలంగా రాశారు: కలవరపెట్టడం, బెదరగొట్టడం, తరమడం, ఒకచోటికి చేర్చడం, మందగా తోలడం, హింసించడం అన్నీ అందులోకే వస్తాయి. చంపే ఉద్దేశం ఉండాలన్న షరతు లేదు. కొమ్ములు సరిగ్గా కనపడలేదని మీరు రెండో చుట్టు కాస్త కిందికి దిగి కొట్టారనుకోండి, జింకలు లేచి పరుగెత్తాయనుకోండి, మీరు ఆ మాట పరిధిలోకి వెళ్లిపోయినట్టే. పైనుంచి ఊరికే చూడటాన్ని మాత్రం ఫెడరల్ చట్టం నేరం అనలేదు. మీ మొదటి స్నేహితుడు అక్కడిదాకా చెప్పింది నిజమే. చూసిన తర్వాత ఏం చేయొచ్చు, ఎప్పుడు చేయొచ్చు అన్నది తేల్చేది రాష్ట్రాలు.

మీది టెక్సస్ కాబట్టి ముందు అది. ఇక్కడ విమానం నుంచి వన్యమృగాల్ని లెక్కపెట్టాలన్నా, ఫొటో తీయాలన్నా, ఒకచోట నుంచి ఇంకోచోటికి తరలించాలన్నా పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ఇచ్చే ఏరియల్ వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ పర్మిట్ ఉండాలి. దాంతోపాటు ఆ భూమి యజమాని అనుమతి పత్రం కూడా ఉండాలి. మీరు లీజ్‌దారులు, యజమాని కాదు. ఈ తేడాను మనవాళ్లు చాలామంది పట్టించుకోరు. ‘మా లీజ్‌లో మగజింకలు ఎన్ని ఉన్నాయో చూసుకుంటాం’ అనడమంటే లెక్కపెట్టడమే కదా. సౌత్ టెక్సస్‌లో పెద్ద రాంచ్‌లవాళ్లు హెలికాప్టర్‌లో జింకల్ని లెక్కపెట్టించుకుంటారు నిజమే, కానీ వాళ్లు పర్మిట్ ఉన్నవాళ్లతో చేయించుకుంటారు, ఆ ఏడాది ఎన్ని కొట్టాలో తేల్చుకోవడానికి చేయించుకుంటారు.

‘మరి హెలికాప్టర్లోంచి పందుల్ని కాలుస్తున్న వీడియోలు యూట్యూబ్ నిండా ఉన్నాయిగా’ అంటారు. అవి అడవి పందులు. పంటల్ని, గడ్డినేలల్ని నాశనం చేస్తున్నాయని 2011లో టెక్సస్ శాసనసభ పందుల్ని, కయోటీలను (నక్క లాంటి జంతువుల్ని) హెలికాప్టర్ నుంచి కాల్చడానికి ప్రత్యేకంగా దారి తెరిచింది, దానికీ పర్మిట్ ఉంది. నేలను, పశువుల్ని, పంటను కాపాడటానికి రాష్ట్ర అనుమతితో చేసే పనికి ఫెడరల్ చట్టంలోనే మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు సరదా వేటకు రాదు, జింకకు రాదు.

ఇక కొలరాడో. అక్కడ జంతువుల కోసం వెతుకుతూ విమానంలో ఎగిరితే ఆ రోజూ మర్నాడూ వేటాడకూడదు. విమానం నుంచి కిందివాళ్లకు దారి చూపించకూడదు. వయోమింగ్ ఇంకా గట్టిది. ఆగస్టు 1 నుంచి జనవరి 31 దాకా పెద్ద జంతువుల్ని వేటాడటానికి సాయంగా విమానంలోంచి వెతకడమే నిషేధం. అంటే సీజన్ మొత్తం, దానికి ముందు కొన్ని వారాలు కూడా. మాంటానాలో గాల్లోంచి జంతువును చూసి, రేడియోలోనో ఇంకే విధంగానో కింద ఉన్నవాళ్లకు అది ఎక్కడుందో చెప్పడం నేరం. మీరు అనుకున్న ఆ ఫోన్ కాల్ సరిగ్గా అదే.

అలాస్కా గురించి కూడా చెప్పాలి. రోడ్లు లేని చోటికి విమానంలోనే వెళ్లాలి కాబట్టి, ఈ సమస్యను వాళ్లు ఆలోచించినంతగా ఇంకెవరూ ఆలోచించలేదు. అక్కడి నియమం ప్రకారం ఎగిరిన రోజు పెద్ద జంతువును వేటాడకూడదు, మర్నాడు తెల్లవారుజామున 3 గంటలు దాటాకే తుపాకీ ముట్టుకోవాలి. షెడ్యూల్ ప్రకారం నడిచే ఎయిర్‌లైన్ విమానాలకు ఇది వర్తించదు. ఆశ్చర్యమేమిటంటే, జింకకు అక్కడ ఆ నియమం నుంచి మినహాయింపు ఉంది, దిగిన రోజే వేటాడొచ్చు. ఇంకోపక్క తెల్ల కొండగొర్రెల (డాల్ షీప్) విషయంలో మరీ కట్టుదిట్టం చేశారు. 2015లో తెచ్చిన నిబంధన ప్రకారం ఆగస్టు 10 నుంచి సెప్టెంబరు 20 దాకా వేట కోసం వాటిని విమానంలోంచి వెతకనే కూడదు. వేటగాళ్లనీ సామాన్లనీ దించడానికి, తిరిగి తెచ్చుకోవడానికి మాత్రమే విమానం. ఒకే రాష్ట్రంలో ఒక జంతువుకు ఒకలా, ఇంకో జంతువుకు ఇంకోలా ఉందంటే, ‘అమెరికాలో ఇది చట్టబద్ధమా’ అనే ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు దొరకదు. ఏ రాష్ట్రం, ఏ జంతువు, ఏ తేదీ అని అడగాలి, ఆ ఏడాది నిబంధనల పుస్తకం తెరిచి చదవాలి. పోయినేటి పుస్తకం పనికిరాదు.

ఇంకో మాట. రాష్ట్ర నియమం తప్పి కొట్టిన ఎల్క్ మాంసాన్ని, కొమ్ముల్ని కొలరాడో నుంచి డాలస్‌కు తెచ్చుకున్నారంటే, రాష్ట్ర సరిహద్దు దాటగానే చట్టం తప్పి కొట్టిన జంతువును రాష్ట్రాల మధ్య తరలించడాన్ని నేరం చేసిన 1900 నాటి లేసీ యాక్ట్ కిందికి వస్తారు. అది ఫెడరల్ కేసు. ఒక రాష్ట్రంలో వేట లైసెన్స్ పోతే దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ పోయేలా రాష్ట్రాల మధ్య ఒప్పందం కూడా ఉంది. మీలో హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే, గ్రీన్‌కార్డు వరుసలో నిలబడి ఉంటే, ఫెడరల్ కేసు అంటే ఏమిటో నేను వివరించక్కర్లేదు. ఎవరికి తెలుస్తుందిలే అనుకోకండి. మీ ఐప్యాడ్‌లో పైలట్ల మ్యాప్ యాప్ ఫోర్‌ఫ్లైట్ మీ దారిని దాచి ఉంచుతుంది, విమానం తానెక్కడుందో చెబుతూ పంపే ఏడీఎస్-బీ సిగ్నల్‌ను ఇంట్లో కూర్చున్న ఎవరైనా చూడగలరు. ఒక రాంచ్ మీద శుక్రవారం సాయంత్రం గీసిన రెండు గుండ్రాలు శనివారం ఏం జరిగిందో చెప్పడానికి చాలు.

డబ్బు సంగతి కూడా చూసుకోండి. ప్రైవేట్ పైలట్‌గా మీరు ఖర్చును తోటి ప్రయాణికులతో సమంగా పంచుకోవచ్చు, అదీ అందరూ ఒకే పని మీద కలిసి వెళ్తున్నప్పుడు. స్నేహితులు కింద క్యాంపులో కూర్చుని మీ విమానం అద్దె కట్టి, మీరు పైనుంచి చూసొస్తే, అది డబ్బు తీసుకుని చేసిన పని కిందికి వస్తుంది. దానికి కమర్షియల్ లైసెన్స్ కావాలి. జింక సంగతి పక్కన పెట్టినా మీ పైలట్ లైసెన్స్‌కే ముప్పు.

ఇప్పుడు నా తప్పు.

లైసెన్స్ వచ్చిన మూడో ఏడు. వయోమింగ్ పశ్చిమాన ఒక స్నేహితుడి ఇంటికి వెళ్లాను. మార్చి నెల, వేట సీజన్ లేదు, నా దగ్గర తుపాకీ కూడా లేదు. చూద్దామని మాత్రమే ఎగిరాను. సేజ్ పొదల మీద మంచు పైన గట్టిపడి పెచ్చులా ఉంది. ఒక వాలు మీద ఇరవై దాకా మ్యూల్ డీర్ (పెద్ద చెవుల జింకలు) కనిపించాయి. పక్క సీటులో ఉన్న స్నేహితుడు కెమెరా తీశాడు. ఇంకాస్త కిందికి అన్నాడు, దిగాను. మా విమానం నీడ మంచు మీద మాకంటే ముందు పరిగెత్తుతోంది. ఆ నీడ మందను తాకగానే అవన్నీ ఒక్కసారి లేచాయి. నాలుగు కాళ్లూ ఒకేసారి ఎత్తి దూకుతాయి మ్యూల్ డీర్, మామూలుగా చూడముచ్చటగా ఉంటుంది. ఆ రోజు ప్రతి దూకుకీ కాళ్లు మంచు పెచ్చును విరగ్గొట్టుకుని కడుపు దాకా దిగిపోతున్నాయి. వాలు కింద ముళ్లకంచె ఉంది. పెద్దవి దాటేశాయి. వెనకబడిన ఒక ఏడాది పిల్ల దూకింది గానీ వెనక కాలు పైరెండు తీగల మధ్య ఇరుక్కుంది. తీగ మెలిపడింది. అది కంచెకు తలకిందులుగా వేలాడింది. నేను పైన ఉన్నాను, దిగే చోటు లేదు.

ఎయిర్‌స్ట్రిప్‌లో దిగగానే నేనే గేమ్ వార్డెన్‌కు (వేట చట్టాలు చూసే అధికారికి) ఫోన్ చేశాను. ఆయన స్నోమొబిల్ మీద వెళ్లి, తీగ కత్తిరించి వదిలారు. సాయంత్రం మా దగ్గరికి వచ్చారు. చేతి తొడుగుల మీద బూడిదరంగు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. అరవలేదు. ‘డిసెంబరు నుంచి ఇవి ఒంట్లో కొవ్వు కరిగించుకుంటూ బతుకుతున్నాయి. ఈ నెలలో మిగిలింది చాలా కొంచెం. అందులోంచి నువ్వు కొంత ఖర్చు పెట్టించావు’ అన్నారు. తర్వాత ‘వేధించడం’ అన్న మాటకు చట్టంలో ఇచ్చిన అర్థం చదివి వినిపించారు. నా వివరాలన్నీ రాసుకుని, హెచ్చరికతో వదిలారు. ఆ పిల్ల బతికిందో లేదో నాకు తెలియదు. తెగని కాలితో నడిచి వెళ్లిందని మాత్రం ఆయన చెప్పారు.

విమానం మీద కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఆ రోజు నేను చచ్చిపోయి ఉండొచ్చు. అలాస్కా పైలట్లు దీన్ని ‘మూస్ స్టాల్’ అంటారు. మూస్ అంటే అక్కడి భారీ జింక, స్టాల్ అంటే రెక్కలు విమానాన్ని మోయలేక అది పడిపోవడం. కింద జంతువు కనపడుతుంది, దాన్ని చూపులోంచి పోనివ్వకూడదని వేగం తగ్గిస్తూ, రెక్క వంచి, చుట్టూ తిరుగుతూ ఉంటాం. కళ్లు కిందనే ఉంటాయి, వేగం చూపించే ముల్లు మీద ఉండవు. మీ 172 ఫ్లాప్స్ దించకుండా, రెక్కలు వంచకుండా తిన్నగా ఎగిరేటప్పుడు దాదాపు 48 నాట్ల దగ్గర స్టాల్ అవుతుంది. 45 డిగ్రీలు వంచితే అది 57కి పెరుగుతుంది, 60 డిగ్రీలకు 68. జింక మరీ లోపలికి పోతోందని రడ్డర్ (తోక చుక్కాని) ఎక్కువ తొక్కితే స్పిన్‌లోకి, అంటే గిరగిరా తిరుగుతూ పడిపోవడంలోకి, జారుతుంది. మూడు వందల అడుగుల ఎత్తులో స్పిన్‌లోంచి బయటపడటానికి ఎత్తు చాలదు. జనం లేని చోట మనుషులకు, కట్టడాలకు 500 అడుగుల దూరం పాటిస్తే ఎంత కిందికైనా ఎగరొచ్చని ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) నిబంధన అంటుంది, అందుకే కొత్త పైలట్లు ధైర్యం చేస్తారు. నిబంధన ఒప్పుకున్నంత మాత్రాన ఆ ఎత్తు మిమ్మల్ని కాపాడదు.

చట్టం ఒప్పుకున్న చోట కూడా నేనెందుకు చేయనో చెప్తాను. మీరు అసలు అడిగింది ఇదే అనుకుంటున్నాను, ‘చేయొచ్చా’ అన్న మాటలో అదే ఉంది.

జింకకు ఉన్న రక్షణ అంతా నేల మీదే. గాలి ఎటు వీస్తుందో చూసుకుని పడుకుంటుంది, వెనకనుంచి వచ్చేవాడి వాసన ముందే తెలిసేలా. ఎండుటాకు చప్పుడును అర్ధ నిమిషం చెవులు నిక్కించి వింటుంది. మనం నేల మీద నడిచినంతసేపూ ఆ గాలి, ఆ ఆకు దాని పక్షం. మనం ఓడిపోయే రోజులే ఎక్కువ. పైకి ఎగిరిన నిమిషం దాని ముక్కు, చెవి, పొద అన్నీ పనికిరాకుండా పోతాయి. ఆ తర్వాత మిగిలేది కాల్చడం మాత్రమే, దాన్ని నేను వేట అనలేను. 1887లో థియోడర్ రూజ్‌వెల్ట్ మొదలుపెట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ ‘ఫెయిర్ చేజ్’ అంటున్నది దీన్నే. జంతువు మీద అన్యాయమైన పైచేయి సాధించకుండా వేటాడటం. పైనుంచి చూసి దగ్గర్లో దిగి కొట్టిన జంతువును వాళ్లు రికార్డుల్లోకి తీసుకోరు.

మన ఇండియాలో 1972లో వచ్చిన వన్యప్రాణి చట్టం కూడా మొదటి రూపంలో వాహనం నుంచి, విమానం నుంచి వేటాడకూడదని విడిగా రాసింది. 1991 సవరణలో వేటే దాదాపు పూర్తిగా నిషేధమయ్యాక ఆ సెక్షన్‌ను తీసేశారు. మా ఊరు నల్లమల అంచున ఉంటుంది. దుప్పి అడుగు చూసి అది ఎంతసేపటి క్రితం వెళ్లిందో చెప్పే చెంచు పెద్దాయన ఒకరిని చిన్నప్పుడు చూశాను. గిట్టల గుర్తు అంచు మీద మట్టి ఆరిందా లేదా అని వేలితో తాకి చూసేవారు. హిల్ కంట్రీలో అడుగుజాడ కనపడితే నాకు ఇప్పటికీ వేలితో తాకడం అలవాటు.

సరే, పబ్లిక్ ల్యాండ్ (అందరూ వేటాడగల ప్రభుత్వ భూమి) మీద ఇంకొకరి సంగతి కూడా ఉంది. కొలరాడోలో మీరు ఎల్క్ కోసం పైన తిరుగుతున్న లోయలోకి ఎవరో మూడు రోజులు మూటలు మోసుకుని నడిచి వచ్చి ఉంటారు. మీ ఒక్క చుట్టుతో ఆ మంద కొండ అవతలికి వెళ్లిపోతుంది. వాళ్లకు మీరెవరో తెలియదు, విమానం పక్కన రాసిన నంబరు మాత్రం చదవగలరు.

డ్రోన్ అయితే పర్వాలేదా అని చివర్లో అడిగారు. ఫెడరల్ నిబంధనల్లో గాల్లో ఎగిరే ఏ సాధనమైనా విమానమే. టెక్సస్ పర్మిట్ నియమాలు కూడా డ్రోన్‌ను విమానంగానే చూస్తాయి. పైగా డ్రోన్‌ను ఇంకా కిందికి దించాలనిపిస్తుంది, జింక ఇంకా బెదురుతుంది. పర్వాలేదు అనకండి.

అయితే మీ లైసెన్స్ వేటకు అస్సలు పనికిరాదా అంటే, వస్తుంది. జంతువును కాదు, నేలను చూడండి. నేను టెక్సస్‌లో సీజన్ అయిపోయాక ఫిబ్రవరిలో ఎగురుతాను. ఆ నెలలో ఆకులు రాలిన చెట్ల కింద నేల బయటపడుతుంది, లైవ్ ఓక్‌లు, సీడర్‌లు మాత్రమే పచ్చగా మిగులుతాయి. సూర్యుడు లేచిన గంటలోపు, 1,500 అడుగులకు తగ్గకుండా, తిన్నగా ఒకే ఒక్క గీత గీసినట్టు వెళ్లిపోతాను. గుండ్రాలు తిరగను, ఏదైనా కదిలితే కిందికి దిగను. వాలు వెలుగులో బాటలు నీడ గీతల్లా కనపడతాయి. నీళ్లు ఎక్కడ ఆగాయి, ముళ్లకంచె ఎక్కడ కుంగింది, రెండు గుట్టల మధ్య మెడ లాంటి చోటు ఎక్కడుంది అని చూస్తాను. ఇందులో చాలావరకు ఉపగ్రహ చిత్రాల్లో ఇంట్లో కూర్చునే చూడొచ్చు, మీరు మొదట అదే చేయండి. భూమి యజమానికి మాత్రం ముందే ఫోన్ చేసి చెప్పండి. టెక్సస్‌లో దాదాపు 95 శాతం భూమి ప్రైవేటుది, తమ పశువుల మీద విమానం తిరగడం ఎవరికీ నచ్చదు.

ఒక ఫిబ్రవరిలో అలా మా లీజ్ ఉత్తరం కొసన కంచె కుంగిన చోటు ఒకటి కనపడింది, మూడు వైపుల నుంచి బాటలు అక్కడికే వస్తున్నాయి. ఎనిమిది నెలలు ఆగాను. అక్టోబరులో నడిచి వెళ్లి చూస్తే కింది తీగకు వెంట్రుకలు, పక్క సీడర్ మొద్దు మీద కొమ్ములు రుద్దిన గుర్తు, బెరడు ఊడి లోపలి ఎరుపు కనపడుతోంది. నవంబరులో నాలుగు పొద్దులు గాలికి ఎదురుగా అక్కడ కూర్చున్నాను. మొదటి మూడు రోజులు ఏమీ రాలేదు. నాలుగో రోజు ఒక ఆడజింక, దాని వెనక రెండు పిల్లలు తీగ కింద నుంచి దూరి, నాకు ముప్పై గజాల దూరంలో ఆగి, గాలి మారగానే తోక ఎత్తి వెళ్లిపోయాయి.

మీ లీజ్ ఏ కౌంటీలో ఉందో, కాగితంలో విమానం గురించి ఏమైనా రాసి ఉందో చూసి చెప్పండి. శుక్రవారం సాయంత్రం విమానం బుక్ చేసి ఉంటే ఈ రోజే రద్దు చేయండి.